ఏటిగట్టు మీద రాయని నిబంధనలు

గత ఏడాది వేసవిలో మా ఊరి ఏటిగట్టు మీద ఒక బోర్డు వెలిసింది. నీలిరంగు రేకు మీద తెల్లని అక్షరాలు. గట్టు మీద పశువులను మేపరాదు, ధాన్యం, చేపలు, పిడకలు ఆరబెట్టరాదు, పాకలు వేయరాదు, మట్టి తవ్వరాదు, చెత్త పోయరాదు, సభలు, ఊరేగింపులు జరపరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు. ఏ చట్టం కింద ఈ ఆజ్ఞ వెలువడిందో, ఎవరు ఎప్పుడు తీర్మానించారో ఆ రేకు మీద లేదు. వరదకట్టకు కొన్ని కట్టుబాట్లు అవసరమని తెలిసినవాణ్ణి కనుక, సెలవులకు ఊరెళ్లినప్పుడు దాన్ని చదివి ముందుకు సాగిపోయాను. ఆ బోర్డు గురించి మళ్లీ ఆలోచించవలసిన అవసరం ఈ ఏప్రిల్లో వచ్చింది.

శివరాత్రికి అదే గట్టు మీద మూడురోజులు తీర్థం జరిగింది. దుకాణాల కోసం గట్టు నడినెత్తిన గుంతలు తవ్వి వెదుళ్లు పాతారు. జనరేటర్లు, రంగులరాట్నం, ట్రాక్టర్లు అన్నీ గట్టెక్కాయి. ఎవరూ బోర్డు వంక చూడలేదు. ఏప్రిల్ 14న మా పేట కుర్రవాళ్లు అంబేద్కర్ చిత్రపటంతో పేట నుంచి రేవుదాకా గట్టు మీదుగా నడిచి వెళ్తామని అడిగారు. గట్టు భద్రత దృష్ట్యా ఊరేగింపులు కుదరవని జవాబు వచ్చింది. ఒక కుర్రవాడు ఫోన్ చేసి, ‘‘మాస్టారూ, మేం నడిస్తే గట్టు కుంగుద్దాండీ?’’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం.

మా జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టుకున్నాం. ఆ పేరు మీద 2022 మే 24న అమలాపురంలో చెలరేగిన మంటలను దేశమంతా చూసింది. చివరకు పేరు నిలిచింది. పేరు ప్రభుత్వ కాగితాల మీద నిలవడం ఒక సంగతి. ఆ పేరుగల మనిషి చిత్రపటం ఊరి గట్టు మీద ఒక మైలు దూరం ప్రయాణించగలగడం మరొక సంగతి.

మొదట గట్టు గురించి చెప్పుకోవాలి. డెల్టాలో పుట్టినవారికి ఏటిగట్టు ఉత్త మట్టిదిబ్బ కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మూడవ హెచ్చరిక నాటికి సుమారు 17 లక్షల క్యూసెక్కుల నీరు ఆనకట్ట దాటుతూ ఉంటుంది. 1986 ఆగస్టులో వచ్చిన వరద దానికి రెట్టింపు, 35 లక్షల క్యూసెక్కులు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా పేట మొత్తం ఇళ్లు వదిలి గట్టెక్కింది.

ఆ గట్టు మీద గడిపిన రోజులు నాకు రెండు విధాలుగా జ్ఞాపకం. లాకుల దగ్గర గట్టు ఎత్తుగా, వెడల్పుగా ఉండేది. అక్కడ ఊరివారు పశువులను కట్టుకున్నారు, టార్పాలిన్లు వేసుకున్నారు. గట్టు కాస్త కుంగిన చోట, నీటికి జానెడు పైన, మా పేటవారు తాటాకులు కప్పుకున్నారు. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ ఫలానాచోట ఉండమని చెప్పలేదు. మా నాయనమ్మ మూట నెత్తిన పెట్టుకొని నేరుగా ఆ పల్లానికే నడిచింది. పడవలో వచ్చిన పులిహోర పొట్లాలు లాకుల దగ్గర పంచడం మొదలై, మా దాకా వచ్చేసరికి చీకటి పడేది. ఆ పంపిణీకి కూడా ఎవరూ వరుస రాయలేదు.

రెండో జ్ఞాపకం ఒక రాత్రిది. పాత తూము పక్కన ఊరివైపు వాలులో ఊట మొదలైంది. లస్కరు లాంతరు పట్టుకొని కేకలు వేస్తూ పరిగెత్తాడు. మా నాన్న, పేటలోని మగవాళ్లు, ఊరి కుర్రకారు అందరూ ఒకే వరుసలో నిలబడి ఇసుకబస్తాలు చేతులు మార్చారు. ఆ రాత్రి ఒకే చెంబుతో అందరూ నీళ్లు తాగారని నాన్న చాలాకాలం చెప్పుకొనేవాడు. వరద తీసిన పదిరోజులకు కాకాహోటల్లో ఆయన గ్లాసు మళ్లీ వేరే మేకుకు వేలాడింది.

ఊట నాడు లేని నిబంధన, ఊట ఆగిన తరువాత ఎందుకు వచ్చింది? గట్టుకు అవసరమైన నిబంధన వరద వచ్చినప్పుడు బిగుసుకోవాలి. మన ఊళ్లలో కొన్ని నిబంధనలు వరద వచ్చినప్పుడు సడలి, వరద పోయాక బిగుసుకుంటాయి. అవి గట్టును కాపాడడానికి పుట్టినవి కావని గుర్తించడానికి ఇంజినీరింగు పట్టా అక్కర్లేదు.

ఏది గట్టుకు చేటో నీటిపారుదల శాఖలో పనిచేసినవారికి తెలుసు. ఎలుకలు, పందికొక్కులు, ఎండ్రకాయలు చేసే బొరియల్లో నీరు దారి చేసుకుంటుంది. గట్టులో వేళ్లూనిన పెద్ద చెట్టు కూలితే వేళ్లతోపాటు మట్టి లేచిపోతుంది. పాత తూముల పక్క కూర్పు సడలుతుంది. ఊరివైపు అడుగున తేటనీరు ఊరితే కొంత ధైర్యం. బురదనీరు, ఇసుక కక్కుతూ ఊరితే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క. గేదెల మంద రోజూ ఒకే చోట వాలు ఎక్కి దిగితే బాట కోసుకుపోతుంది. గరిక పట్టిన వాలు మాత్రం వానకు కరగదు. ఇసుక లారీలు నదిలోకి దిగడానికి గట్టును కోసి బాటలు వేస్తే అక్కడ గట్టు ఎత్తు తగ్గుతుంది. గట్టు అడుగుకు ఆనుకొని చేపల చెరువో, రొయ్యల చెరువో తవ్వితే గట్టు కాళ్లకింద నేల మెత్తబడుతుంది. ఇటుకబట్టీల కోసం గట్టు దాపున మట్టి తీసినా ఫలితం అదే. గట్టు గర్భంలోంచి పైపులు వేసి చెరువులకు నీరు తోడుకున్నా అంతే.

ఇప్పుడు ఆ రేకు బోర్డును మళ్లీ చదవండి. ఇసుక బాటల మాట లేదు. చేపల చెరువు గట్టుకు ఎంత దూరంలో ఉండాలో లేదు. పైపుల మాట లేదు. ఉన్నవల్లా పాక, పిడక, మేక, ఎండుచేప. ‘మట్టి తవ్వరాదు’ అన్న ఒక్క వాక్యం పొక్లెయిన్‌కూ వర్తించాలి. ఊళ్లో మాత్రం అది పారతో పొయ్యిమట్టి తీసుకునే ఆడమనిషికే వర్తించింది. నిషేధాల జాబితా చూస్తే గట్టుకు జరిగే హాని కొలిచి రాసినట్టు లేదు; గట్టు మీద కనిపించే మనుషులను చూసి రాసినట్టుంది. పొలం, కళ్లం, పెరడు ఉన్నవాడికి ధాన్యం ఆరబెట్టుకోవడానికి గట్టు అక్కర్లేదు. రెండు సెంట్ల ఇంటిస్థలంలో ఉన్నవాడికి గట్టే కళ్లం, గట్టే పెరడు, గట్టే అరుగు.

ఇంతమాత్రాన గట్టు మీద ఏ నిబంధనా వద్దని నేను అనడం లేదు. ఈ విషయంలో మావాళ్లు కొందరితో నాకు భేదాభిప్రాయం ఉంది. గండి పడితే మొదట మునిగేది పేటే. డెల్టా గ్రామాలలో మెరక ఊరిది, పల్లం పేటది; మాలపల్లె, మాదిగపల్లె ఎక్కడ ఉన్నాయో చూసి నీరు ఎటు పారుతుందో చెప్పవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వంటి కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా, రక్షణగోడ వెనుక ఉన్న కృష్ణలంక చాలావరకు ఊపిరి పీల్చుకుంది. పేదల వాడకు గట్టి గోడ ఎంత అవసరమో ఆ వారం చూపింది. కనుక గట్టు భద్రత అన్నది ఊరివారు మాకు చెప్పవలసిన నీతి కాదు. అది అందరికంటే ముందు మా కోరిక.

నదీతీరాల మీద ప్రభుత్వ అధికారం కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1884లో వచ్చిన నదీ పరిరక్షణ చట్టం నేటికీ ఆంధ్ర ప్రాంతంలో అమలులో ఉంది. నిర్ణీత హద్దుల్లో అనుమతి లేకుండా కట్టడాలు, అడ్డుకట్టలు కూడదని దాని సారాంశం. ఆ చట్టం పేరు 2019 జూన్‌లో రాష్ట్రమంతటా మార్మోగింది. ఉండవల్లి దగ్గర కృష్ణా కరకట్ట పక్కన ఒక ప్రభుత్వం కట్టిన ప్రజావేదికను, తరువాతి ప్రభుత్వం నదీ పరిరక్షణ నిబంధనలకు విరుద్ధమని చెప్పి కూల్చివేసింది. ఆ రాజకీయాల జోలికి పోను. నాకు కనిపించిందల్లా, ప్రభుత్వం స్వయంగా కట్టిన భవనానికి ఆ చట్టం అడ్డురాలేదు. అధికారం చేతులు మారాక అడ్డొచ్చింది. గుడిసెకు మాత్రం ఏ ప్రభుత్వం ఉన్నా ప్రతి ఏడూ అడ్డొస్తుంది.

గట్ల మీద, కాలువ ఒడ్డున పాకలు వేసుకున్నవారిలో యానాదులు చాలామంది. పొలంగట్లలో ఎలుకలు పట్టడంలో వారిది తరాల నేర్పు. పంట కాపాడుకోవడానికి రైతులే వారిని పిలుస్తారు. బొరియ ఎటు తిరిగి ఎక్కడ తేలుతుందో మట్టి చూసి చెప్పగలవారు. గట్టుకు ప్రధాన శత్రువు బొరియ అయినప్పుడు, దాన్ని గుర్తించగల మనిషిని గట్టు కాపలాలో నియమించుకోవలసింది. మనం చేస్తున్నది అతన్ని ఆక్రమణదారుగా నమోదు చేయడం. లంకల్లో సాగుచేసే దళితులు, పడవ కట్టుకునే బెస్తలు, రేవులో బట్టలుతికే చాకలివారు కూడా అంతే. గట్టు వాడకం ఎక్కువగా ఎవరిదో, గట్టు గురించిన తెలివి కూడా వారి దగ్గరే ఎక్కువ. నిబంధనలు రాసేటప్పుడు వారిని ఎవరూ పిలవరు. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టంలోనూ ఓటు ప్రధానంగా భూమిని బట్టి వచ్చింది. వరదరాత్రి బస్తా మోసే కూలీకి నీటి యాజమాన్యంలో చోటు దక్కలేదు.

ఇక రాయని నిబంధనల సంగతి. గట్టు మీద సైకిలు దిగి నడవాలి. ఫలానావారి ఇంటి ఎదుట చెప్పులు చేతపట్టుకోవాలి. పెళ్లి ఊరేగింపు గట్టెక్కకుండా పొలాల మీదుగా పోవాలి. శవాన్ని గట్టు దింపేటప్పుడు డప్పు ఆపాలి. మా నాన్న తరం ఇవన్నీ చూసింది. నా తరం కొన్ని చూసింది. ఇవాళ ఎవరూ నోటితో చెప్పరు. ‘ట్రాఫిక్‌కు అంతరాయం’, ‘శాంతిభద్రతలు’, ‘గట్టు భద్రత’ వంటి మాటలు వాటి స్థానంలోకి వచ్చాయి. పాత ఆనవాయితీ కొత్త దరఖాస్తు భాష నేర్చుకుంది.

నీటి దగ్గరా, నీటిగట్టు దగ్గరా కులం తలెత్తడం తెలుగునేలకు కొత్త కాదు. 1985 జూలైలో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన కారంచేడు దారుణం తాగునీటి చెరువు దగ్గర మొదలైన తగవుతో రాజుకుంది. 2017లో గరగపర్రులో చెరువుగట్టున అంబేద్కర్ విగ్రహం మీద రేగిన వివాదం దళితుల సాంఘిక బహిష్కరణదాకా వెళ్లింది. గట్టు ఊరంతటికీ కనిపించే ఎత్తైన చోటు. అక్కడ ఎవరు నిలబడ్డారన్నది ఊరికి పట్టింపు.

ఈ సందర్భంలో మహద్ చరిత్రను ఒకసారి నెమరువేసుకోవాలి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అస్పృశ్యులకూ తెరవాలని తీర్మానించింది. మహద్ పురపాలక సంఘం 1924లో తన చౌదర్ చెరువును అందరికీ తెరిచినట్లు తీర్మానం చేసుకుంది. మూడేళ్లు ఆ తీర్మానం కాగితంగానే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీరు తాగారు. దాడులు జరిగాయి, చెరువును శుద్ధి చేశారు, ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్నే రద్దు చేసుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. అనాదిగా అస్పృశ్యులకు ప్రవేశం లేని ఆచారం ఉందన్న వాదన రుజువు కాలేదని 1937లో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఆచారం ఎంత గట్టిగా నోటితో పలికినా, సాక్ష్యం అడిగితే నిలవకపోవచ్చునన్నది ఒక పాఠం. అనుమతించే నిబంధన కూడా ఎవరో ఒకరు దాన్ని నడిచి చూపేదాకా ప్రాణం పోసుకోదన్నది రెండోది.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో ఖండంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు గుమిగూడే స్థలాలను పేరుపేరునా చెప్పింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నదిని, స్నానఘట్టాన్ని, శ్మశానాన్ని, దారిని ఒక్క సెక్షన్‌లో చేర్చింది. 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన అత్యాచారాల నిరోధక చట్ట సవరణ మరో అడుగు వేసి, ఉమ్మడి వనరుల వాడకాన్ని అడ్డుకోవడం, బహిరంగస్థలంలో సైకిలో మోటారుసైకిలో ఎక్కనీయకపోవడం, పెళ్లి ఊరేగింపును ఆపడం నేరాలని విడివిడిగా రాసింది. చట్టం ఇంత వివరంగా రాయవలసి వచ్చిందంటే ఊళ్లు ఎంత వివరంగా నిషేధించాయో ఊహించుకోవచ్చు. ప్రభుత్వ నిధులతో మట్టి పోసి, రాళ్లు పరిచి, తారు వేసిన ఏటిగట్టు ఈ రక్షణల పరిధిలోకి రాదని ఎవరైనా వాదించగలరా?

ప్రతి విషయంలోనూ కులాన్ని లాగుతారెందుకని అడిగేవారున్నారు. వారికి నా జవాబు చిన్నది. మేం లాగనక్కరలేని పద్ధతి ఒకటి ఉంది: గట్టు మీద చేసే ప్రతి పనిని ఒకే ప్రశ్నతో కొలవండి. ఈ పని గట్టుకు హాని చేస్తుందా, చేయదా? చేస్తే అందరికీ నిషేధం, దేవుడి తీర్థంతో సహా. చేయకపోతే అందరికీ అనుమతి, అంబేద్కర్ జయంతితో సహా. వందమంది నడిచిపోతే గట్టు కుంగదు. గట్టు నెత్తిన గుంతలు తవ్వితే, అవి ఏ దేవుడి పేరున తవ్వినా, వానాకాలం ఆ గుంతల్లో నీరు నిలుస్తుంది. ఈ కొలమానంలో కులం ప్రసక్తే రాదు. దీన్ని ఒప్పుకోవడానికి ఇబ్బందిపడేవారే కులాన్ని చర్చలోకి తెస్తున్నారు.

ఈ కొలమానం మాకూ వర్తించాలి. 1986లో మా పల్లంలో కూడా చివరన, నీటికి మరింత దగ్గరగా, మాదిగ కుటుంబాలు ఉన్నాయి. వారికి కాస్త ఇటు జరగమని మా వాళ్లెవరూ అనలేదు. గట్టు దిగువన, కాలువ మలుపులో యానాదుల పాకలు మునిగిన సంగతి మేం రెండోరోజుగాని అడగలేదు. ఊరు మాకు చూపిన వరుసను మేమూ కిందికి పంచాం. ఈ మాట రాయకుండా ఆ బోర్డు గురించి రాయడం నాకు న్యాయమనిపించలేదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. వరదకాలానికి వేరే నిబంధనలు, మిగిలిన నెలలకు వేరే నిబంధనలు రాయాలి; జూలై నుంచి అక్టోబరు వరకు మంద తోలడం, బరువు వాహనాలు ఎక్కడం కట్టడి చేస్తే ఎవరూ కాదనరు. మేత పూర్తిగా మానిపించడం కంటే పశువులు ఎక్కిదిగడానికి అక్కడక్కడ రాతిమెట్ల బాటలు కట్టడం గట్టుకు మేలు. ఇసుక బాటకు, పైపుకు, గట్టు దాపున చెరువుకు ఎవరికి ఏ తేదీన అనుమతి ఇచ్చారో పంచాయతీ గోడ మీద రాయాలి. జరిమానా హానిని బట్టి ఉండాలి గాని, మేకకూ పొక్లెయిన్‌కూ ఒకే శిక్షార్హం అనరాదు. పాక తీయించే ముందు అదే ఊళ్లో మెరకన ఇంటిస్థలం చూపాలి. శ్మశానానికి, రేవుకు పోయే దారులను పటంలో గీసి, అవి అందరివని ఒక వాక్యం రాయాలి. వరదలో గట్టెక్కే కుటుంబాలకు ఎత్తైన చోట్లు ముందే కేటాయించాలి. ముసలివారు, పసిపిల్లలు, బాలింతలు ఉన్నవారికి మొదటి చోటు. బస్తాలు మోసినవారి పేర్లు మస్తరులో ఎక్కించి కూలి ఇవ్వాలి. లస్కరు కొలువుల్లో, గట్టు కాపలాలో యానాదులకూ బెస్తలకూ చోటివ్వాలి.

ఇదంతా గ్రామసభలో చదివి వినిపించి, అక్కడే ఆమోదించాలి. ఆ సభ పేట మనుషులు గుమ్మం బయట నిలబడి వినే సభ కాకూడదు. లంకల నుంచి పడవ దాటి రాగలిగిన వేళకు జరగాలి. తరువాత బోర్డు మీద నిషేధాలతో పాటు ఏ చట్టం, ఏ తీర్మానం, ఏ తేదీ అన్నదీ రాయాలి. ఆ బోర్డును అప్పుడు మా పేట కుర్రవాళ్లే కాపాడతారు.

ఫోన్ చేసిన కుర్రవాడికి నేను చెప్పిన సమాధానం ఇది: ‘‘మీరు నడిస్తే గట్టు కుంగదురా అబ్బాయ్. ఆ మాట కాగితం మీద రాయించి తీసుకో.’’ వాళ్లు గ్రామసభకు అర్జీ రాసుకున్నారు. అందులో మొదటి కోరిక ఊరేగింపు అనుమతి గురించి అనుకున్నాను. అర్జీ చదివితే, మొదటి వాక్యం పాత తూము దగ్గర మళ్లీ ఊట కనిపిస్తోందని, వరదలకు ముందే మరమ్మతు చేయించమని. ఊరేగింపు మాట రెండోది. ముప్పై తొమ్మిదేళ్ల క్రితం మా నాన్న బస్తా మోసిన చోటే ఆ తూము. ఊరి గట్టును ఎవరు తమదిగా భావిస్తున్నారో ఆ అర్జీలోని వరుస చెబుతోంది. సభలో దాన్ని పైకి చదివే ధైర్యం ఊరికి ఉండాలి.